సగం పాట మీకు, సగం పాట వాళ్ళకి

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు అమ్మానాన్నలు కలిసినప్పుడల్లా నన్ను అడిగే మాట ఒకటుంది. "మావాడు పొద్దస్తమానం ఆ ర్యాప్ వింటూ కూర్చుంటున్నాడండీ, మాన్పించేదెలా?" అడిగేవాళ్ళ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినిపిస్తుంది. చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని పిల్లవాడు మనకి అందనంత దూరం వెళ్ళిపోతున్నాడేమోనని దిగులు. ఆ దిగులును నేను కొట్టిపారెయ్యను. ప్రేమ ఉన్నచోటే అది పుడుతుంది. కానీ మాన్పించే ఉపాయం చెప్పమంటే మాత్రం చెప్పను. దానికి బదులు ఒక పని చెయ్యమంటాను. పిల్లల పక్కన కూర్చుని ఒక్క పాట, మొదటినుంచి చివరిదాకా వినండి.

ఏ పాటతో మొదలుపెట్టాలన్నది ముఖ్యం. ఒట్టి ర్యాప్ పాట అయితే మొదటి నిమిషంలోనే మీకు ఓపిక పోతుంది. ఆ వేగం, ఆ యాస, మధ్యమధ్య వచ్చే బూతులు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అందుకని పేరున్న పాప్ గాయని, పాతకాపు ర్యాపర్ కలిసి చేసిన పాటను ఎంచుకోండి. అందులో పల్లవి ఆమె పాడుతుంది. అది రాగం ఉన్న పాట, మన చెవికి తేలిగ్గా పడుతుంది. చరణాలు అతను చెబుతాడు. వాటికి మీ అబ్బాయో అమ్మాయో అర్థం చెప్పాలి. పాటలో సగం మీకు తెలిసిపోతుంది, మిగతా సగానికి పిల్లల సాయం కావాలి. ఇంట్లో హోంవర్క్ దగ్గర్నుంచి అన్నీ మనమే వాళ్ళకి చెబుతుంటాం. వాళ్ళు మనకి చెప్పే అవకాశం ఎంత అరుదో ఒకసారి ఆలోచించండి.

ఇలాంటి పాటలు అమెరికాలో కొత్త కాదు. 1981లో బ్లాండీ అనే బృందంలోని గాయని డెబీ హ్యారీ తన పాటలో కొంత భాగం ర్యాప్‌గా చెప్పినప్పుడు, అది బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ర్యాప్ ఉన్న పాట ఆ స్థానానికి రావడం అదే మొదలు. 1995లో మరాయా కేరీ, తన కంపెనీ పెద్దలు తటపటాయించినా వినకుండా, ఓల్ డర్టీ బాస్టర్డ్ అనే ర్యాపర్‌ని పిలిచి తన ఫాంటసీ పాటను మళ్ళీ చేయించింది. ఆ తర్వాత ఈ పద్ధతి ఎంత పాతుకుపోయిందంటే, 2002 నాటికి గ్రామీ అవార్డుల్లో ర్యాప్, గానం కలిసిన పాటలకంటూ ఒక విభాగమే పెట్టారు.

నన్నడిగితే 2009లో వచ్చిన ఎంపైర్ స్టేట్ ఆఫ్ మైండ్‌తో మొదలుపెట్టమంటాను. చరణాలు జే-జీవి, పల్లవి అలీషా కీస్‌ది. ఇద్దరూ న్యూయార్క్‌లో పుట్టినవాళ్ళే. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు, అతనికి నలభై నిండబోతున్నాయి. మొదటి ఆల్బమ్ 1996లో వచ్చింది కాబట్టి అప్పటికే అతను పాతవాడి కింద లెక్క. న్యూజెర్సీలో ఉంటూ న్యూయార్క్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్ళలో ఈ పల్లవి చెవిన పడనివాళ్ళు ఉంటారనుకోను. పాట ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

దాని పుట్టుక మాత్రం చాలామందికి తెలీదు. బ్రూక్లిన్‌లో పెరిగిన ఏంజెలా హంట్ అనే రచయిత్రి, ఆమె స్నేహితురాలు లండన్ వెళ్ళారు. అక్కడ ఊరు మీద బెంగ పట్టుకుంది. ఆ బెంగలో రాసుకున్నదే ఆ పల్లవికి మొదటి రూపం. వాళ్ళు ఊరొదిలి వెళ్ళింది పనిమీద, కొద్దికాలానికే. అయినా అంత పాట వచ్చింది. గుంటూరునీ కరీంనగర్‌నీ వదిలి పాతికేళ్ళయిన మనకి ఆ పల్లవి ఎందుకు తగులుతుందో వేరే చెప్పాలా?

ఆ పాట వెనక వినిపించే పియానో ఎక్కడిదో కూడా పిల్లలతో కలిసి వెతకండి. అది 1970లో ద మొమెంట్స్ అనే బృందం పాడిన లవ్ ఆన్ ఎ టూ-వే స్ట్రీట్ లోంచి తీసుకున్నది. ఆ పాటను రాసినవాళ్ళలో ఒకరు సిల్వియా రాబిన్సన్. ఈమె గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన మనిషి.

సిల్వియా స్వయంగా గాయని, న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్‌లో ఉండేది. 1979లో హార్లెమ్‌లో ఒక పార్టీకి వెళ్ళినప్పుడు, పాటల రికార్డుల మీద ఒక కుర్రాడు ప్రాసలతో గబగబా మాటలు అల్లడం, జనం ఊగిపోవడం చూసింది. అప్పటికి ఆమె నలభై దాటిన మనిషి. రేడియోవాళ్ళకీ రికార్డు కంపెనీలకీ అది పాటగానే అనిపించని రోజులు. ఆమె ఇంటికొచ్చి తన కొడుకునే సాయమడిగింది: ఇలా చెప్పగలిగేవాళ్ళెవరైనా ఉన్నారా మన దగ్గర? కొడుకు వెంటబెట్టుకుని వెళ్ళాడు. పిజ్జా దుకాణంలో పనిచేసే ఒక కుర్రాడు, ఇంకో ఇద్దరు దొరికారు. వాళ్ళతో ఆమె తీయించిన రాపర్స్ డిలైట్ దేశమంతా తిరిగిన మొదటి ర్యాప్ రికార్డు. అమ్మ అడిగింది, కొడుకు దారి చూపించాడు. హిప్-హాప్ వీధి దాటి ఇళ్ళలోకి వచ్చింది అలా.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఎడిసన్‌లో ఉంటుంది. ఒక ఆదివారం వాళ్ళతోపాటు నేనూ మన్‌హాటన్ వెళ్తున్నాను. లింకన్ టన్నెల్ ముందు ఎప్పటిలాగే కార్లు ఆగిపోయాయి. ముందు సీట్లో వాళ్ళ తొమ్మిదో క్లాసు అమ్మాయి ఎంపైర్ స్టేట్ ఆఫ్ మైండ్ పెట్టింది. పల్లవి రాగానే తండ్రి స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ, "ఇది బాగుందమ్మా, ఆ గొణుగుడు తీసేసి ఇదొక్కటే పెట్టొచ్చుగా" అన్నాడు. ఆ పిల్ల పాట ఆపి, "నాన్నా, అసలు సంగతంతా ఆ గొణుగుడులోనే ఉంది" అని మొదటి చరణం మళ్ళీ పెట్టింది. ఒక్కో లైను దగ్గర ఆపి చెప్పింది. ఇతను పేదవాళ్ళుండే ప్రభుత్వ ఇళ్ళలో పెరిగాడు, ఫలానా వీధిలో ఉన్నప్పుడు మత్తుమందు అమ్మేవాడు, ఇప్పుడు సినిమా నటులుండే ట్రైబెకాలో ఉంటున్నాడు, పాత బతుకును దాచుకోకుండా చెబుతున్నాడు అని. తండ్రి కాసేపు ఏమీ అనలేదు. "మరి అందులోంచి ఎలా బయటపడ్డాడు?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. "డ్రగ్స్ అమ్మినవాడి పాట వింటావా" అని అనలేదతను.

పార్కింగ్ దొరికేలోపు మాట ఎక్కడికో వెళ్ళింది. అమీర్‌పేటలో ఒకే గదిలో ఆరుగురు ఉండి కోర్సులు నేర్చుకున్న రోజులు, హాస్టల్ పప్పుచారు, వీసా ఇంటర్వ్యూకి ఎవరిదో చొక్కా వేసుకెళ్ళడం, అన్నీ ఆయన కూతురికి చెప్పాడు. "ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది ఆ పిల్ల. జే-జీ తన గతం చెప్పుకోకపోతే ఆ నాన్న తన గతం చెప్పేవాడు కాదు.

మీకు ఇంకో సంగతి గుర్తుచెయ్యాలి. ఈ పాతకాపులంతా మీ ఈడు వాళ్ళే. జే-జీ 1969లో పుట్టాడు, స్నూప్ డాగ్ 1971లో, ఎమినెమ్ 1972లో, నాస్ 1973లో. 2022 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో జరిగిన సూపర్ బౌల్ మధ్య విరామంలో డాక్టర్ డ్రె, స్నూప్ డాగ్, ఎమినెమ్, 50 సెంట్, కెండ్రిక్ లమార్‌లతో కలిసి మేరీ జె. బ్లైజ్ పాడినప్పుడు, ఒక్క కెండ్రిక్ తప్ప అందరూ నలభై అయిదు దాటినవాళ్ళే. మీరు ఎంఎస్‌కి వచ్చి సెకండ్ హ్యాండ్ కరోలా కొనుక్కున్న రోజుల్లో ఎఫ్ఎంలో మోగింది వీళ్ళ పాటలే. అంతకు ముందు 1994లో ప్రేమికుడు క్యాసెట్ అరిగిపోయేదాకా వేసి, పేటరాప్‌కి కాలేజీ డేలో స్టెప్పులేసింది కూడా మీరే కదా. ఇదంతా పిల్లల లోకం, మనకి సంబంధం లేదు అనుకోకండి.

పైగా ఈ ర్యాపర్లకీ పిల్లలున్నారు, వాళ్ళకీ మన బెంగలే. స్నూప్ డాగ్ 2005లో పిల్లల ఫుట్‌బాల్ లీగ్ పెట్టించాడు. 2022లో చంటిపిల్లల పాటల కోసం డాగీలాండ్ అనే యూట్యూబ్ కార్టూన్ మొదలుపెట్టాడు. రంగులు, అంకెలు, మంచి అలవాట్లు నేర్పే పాటలు అందులో ఉంటాయి. ఒకప్పుడు అమ్మానాన్నలు హడలిపోయిన గొంతే ఇప్పుడు చేతులు కడుక్కోమని చెబుతోంది. మనిషి మారతాడని పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం.

అలాగని అన్ని పాటలూ అన్ని వయసులకీ తగినవని నేననను. 2010లో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉన్న కేటీ పెర్రీ, స్నూప్ డాగ్‌ల కాలిఫోర్నియా గర్ల్స్ సంగతే చూడండి. ఎంపైర్ స్టేట్ ఆఫ్ మైండ్ విని, మా కాలిఫోర్నియాకీ ఒక పాట ఉండాలని కేటీ పెర్రీ పట్టుబట్టి చేసిన పాట అది. ఆమెది శాంటా బార్బరా, అతనిది లాంగ్ బీచ్. ట్యూన్ హుషారుగా ఉంటుంది, వీడియో నిండా మిఠాయిలు. ఆరేడేళ్ళ పిల్లలు కూడా ఎగిరి గంతేస్తారు. మాటలు మాత్రం ఆరేడేళ్ళ వాళ్ళకి కావు. వీడియో రంగులు చూసి పిల్లల పాట అనుకుని ఐప్యాడ్ చేతికిచ్చి వెళ్ళిపోయిన అమ్మలు ఎంతమందో.

పాటల మీద నల్లటి హెచ్చరిక చీటీ ఎలా వచ్చిందో తెలుసా? అదీ ఒక తల్లి చేసిన పనే. సెనేటర్ అల్ గోర్ భార్య టిప్పర్ గోర్ తన పదకొండేళ్ళ కూతురు వింటున్న ప్రిన్స్ ఆల్బమ్ పర్పుల్ రెయిన్‌లోని ఒక పాట మాటలు విని నిర్ఘాంతపోయింది. మరికొందరు తల్లులతో కలిసి సంఘం పెట్టింది. 1985 సెప్టెంబర్‌లో సెనేట్ కమిటీ ముందు విచారణ దాకా తీసుకెళ్ళింది. గాయకులు వచ్చి గట్టిగా ఎదిరించారు. చివరికి రికార్డు కంపెనీలు తమంతట తామే చీటీ వేస్తామని ఒప్పుకున్నాయి. ఇప్పుడు మనం చూసే నలుపు తెలుపు ముద్ర 1990లో స్థిరపడింది. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్‌లలో పాట పేరు పక్కన చిన్న గడిలో కనబడే ఇంగ్లిష్ ఇ అక్షరం దాని మనవరాలు.

టిప్పర్ గోర్‌ని అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు. నేను చెయ్యను. కూతురు వింటున్నదేమిటో ఆమె తనూ విన్నది, అది చిన్న విషయం కాదు. కాకపోతే చీటీ చూసి పాట ఆపెయ్యడంతో మన పని అయిపోయిందనుకుంటేనే చిక్కు. చీటీ చెప్పేది బూతో, హింసో, సెక్సో, మత్తుమందుల ప్రస్తావనో ఉండొచ్చని మాత్రమే. ఆ మాట ఎవరి నోట, ఎవరిమీద, ఏ బాధలో వచ్చిందో చెప్పదు. బూతు ఒక్కటీ లేకుండా ఆడపిల్లని వస్తువులా చూపే పాటకి అసలు చీటీయే ఉండకపోవచ్చు.

ఇక చెయ్యాల్సిన పనులంటారా, పదేళ్ళలోపు వాళ్ళకి ఫోన్‌లో ఆ ఇ అక్షరం పాటలు రాకుండా సెట్టింగ్ పెట్టెయ్యండి, అందులో మొహమాటం అక్కర్లేదు. పెద్ద పాటలు చాలావాటికి క్లీన్ వెర్షన్ ఉంటుంది. ఎంపైర్ స్టేట్ ఆఫ్ మైండ్‌కైతే ర్యాప్ లేకుండా అలీషా కీస్ ఒక్కతే పియానో మీద పాడిన రెండో భాగం కూడా ఉంది. చిన్నవాళ్ళకి అది పెట్టండి, హాయిగా ఉంటుంది. మిడిల్ స్కూల్‌కి వచ్చాక సెట్టింగ్ ఎలాగూ పనిచెయ్యదు. స్కూల్ బస్సులో పక్కవాడి ఫోన్ ఉంటుంది. ఆ వయసులో మీరు చెయ్యగలిగింది వాళ్ళతో కలిసి వినడం ఒక్కటే. పదిహేను దాటినవాళ్ళ ప్లేలిస్టులు దొంగచాటుగా చూడొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. అడిగితే చూపిస్తారు. అడగకుండా చూస్తే మళ్ళీ ఎప్పటికీ చూపించరు.

ఆడవాళ్ళ గురించి కొన్ని పాటల్లో మాట్లాడే తీరు మీకు నచ్చదు. నాకూ నచ్చదు. ఆ సంగతి పిల్లలకి స్పష్టంగా చెప్పండి: "ట్యూన్ బాగుంది, కానీ ఈ లైను నాకు కష్టంగా ఉంది, నీకెలా ఉంది?" అని. కాకపోతే ఆ మాట చెప్పేముందు మన దీపావళి పార్టీలు ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఐటెం సాంగ్‌కి ఏడేళ్ళ పిల్లకి పట్టులంగా వేసి, స్టెప్పులు నేర్పి, స్టేజీ ఎక్కించి, ఫోన్లలో వీడియోలు తీసింది మనమే. తెలుగులో ఉంటే ముచ్చట, ఇంగ్లిష్‌లో ఉంటే బరితెగింపు అంటే పిల్లలు నమ్మరు. వాళ్ళకి తెలుగు పూర్తిగా రాకపోవచ్చు గానీ మన తేడాలు బాగా కనబడతాయి.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యమైనది, దయచేసి దీని దగ్గర ఆగండి. ర్యాప్ పాటల్లో నల్లజాతివాళ్ళు తమలో తాము వాడుకునే ఒక మాట ఉంటుంది. బానిసత్వం రోజుల్లో తెల్లవాళ్ళు వాళ్ళని తిట్టిన మాట అది. పాటతో కలిసి పాడేటప్పుడు మన పిల్లల నోట అది అలవోకగా వచ్చేస్తుంది. రాకూడదు. 2018 మే నెలలో అలబామాలో ఒక సంగీతోత్సవంలో కెండ్రిక్ లమార్ తన పాట పాడడానికి ప్రేక్షకుల్లోంచి ఒక తెల్ల అమ్మాయిని వేదిక మీదికి పిలిచాడు. ఆమె ఆ మాట వదలకుండా పాడేసింది. అతను పాట ఆపేసి, ఆ మాట దగ్గర నోరు మూసుకోవాలని వేలమంది ముందు చెప్పాడు. పాట రాసినవాడే చెప్పాడు గనక మీ పిల్లలకి ఇది చూపించి మాట్లాడడం తేలిక. "మనమూ గోధుమరంగు వాళ్ళమే కదా, మనకి ఫర్వాలేదు" అని కొందరు పిల్లలు వాదిస్తారు. ఫర్వా ఉంది. ఆ దెబ్బలు తిన్నది మనం కాదు.

పిల్లల నోటికి చెప్పేముందు మన నోటి సంగతి. "ఆ నల్లోళ్ళ పాటలు ఆపరా" అని మన ఇళ్ళలో ఎంత తేలిగ్గా అనేస్తాం! 1965లో వచ్చిన వలస చట్టం వల్లే మనలాంటివాళ్ళకి ఈ దేశం తలుపులు తెరుచుకున్నాయి. పౌరహక్కుల కోసం నల్లజాతివాళ్ళు లాఠీదెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి తెచ్చిన మార్పుల్లో అదీ ఒక భాగం. మన పిల్లలు ఈ చరిత్రను స్కూల్లో చదువుకుంటున్నారు. ఇంటికొచ్చి మన నోట ఆ మాట వింటే, మన మీద వాళ్ళకుండే గౌరవం కొంచెం తరుగుతుంది. పైకి చెప్పరు, అంతే.

పాట బాగుండి మనిషి చెడ్డవాడైతే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు భోజనాల దగ్గర వస్తుంది. 2002లో గాయకుడు ఆర్. కెల్లీ, జే-జీ కలిసి ఒక ఆల్బమే చేశారు. అదే ఆర్. కెల్లీ మైనర్ అమ్మాయిల మీద చేసిన నేరాలకు 2021లో దోషిగా తేలాడు, 2022లో ముప్ఫై ఏళ్ళ జైలుశిక్ష పడింది. కొందరు అతని పాటలు వినడం మానేశారు, కొందరు మానలేదు. మీ ఇంట్లో ఏం చెయ్యాలో మీరూ పిల్లలూ కలిసి తేల్చుకోండి. ఆ అమ్మాయిలు ఏళ్ళ తరబడి చెప్పినా ఎవరూ ఎందుకు పట్టించుకోలేదన్నది మాత్రం తప్పకుండా మాట్లాడండి. మీ పిల్లకి రేపు ఏదైనా ఇబ్బంది వస్తే మీ దగ్గరికి రావచ్చని ఆ మాటల్లోనే ధైర్యం కలుగుతుంది.

ర్యాప్ కళే కాదు, ఒట్టి వాగుడు అనేవాళ్ళకి ఒక్క మాట. ఒక చరణం మామూలుగా పదహారు బార్లు, బార్‌కి నాలుగు దెబ్బలు. నలభై సెకన్లు అటూఇటూగా అయిపోయే ఆ కొలతలో ప్రాస, యతి లాంటి విరుపు, కథ, ఎత్తిపొడుపు అన్నీ కుదరాలి. మన బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. నడుమ తంబురాతో కథకుడు, అటొకరు ఇటొకరు గుమ్మెటలతో వంతలు. ఒకరు హాస్యం చెబితే ఒకరు రాజకీయం చెబుతారు. పల్నాటి యుద్ధం కథ నడుస్తుండగానే ఊళ్ళోని అన్యాయం మీద ఒక విసురు పడుతుంది. షేక్ నాజర్ బుర్రకథ వినడానికి మన తాతలు రాత్రంతా మేలుకున్నది రాగం కోసం ఎంతో, ఆ విసుర్ల కోసమూ అంతే. 2018లో కెండ్రిక్ లమార్ ఆల్బమ్ డామ్‌కి పులిట్జర్ బహుమతి ఇచ్చారు. శాస్త్రీయ సంగీతానికీ జాజ్‌కీ బయట ఆ బహుమతి వెళ్ళడం అదే మొదటిసారి. బహుమతి చూశాకే గౌరవించాలని కాదు, బంధువులకి చెప్పుకోడానికి కొందరికి అది పనికొస్తుందని చెప్పాను.

మన పిల్లలే ఆ వైపు వెళ్తే? కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన ఎల్లాప్రగడ శ్వేత చిన్నప్పుడే కూచిపూడితో పాటు మరికొన్ని శాస్త్రీయ నృత్యాలు నేర్చుకుంది. ఎలిమెంటరీ స్కూల్ రోజుల్లో ఫ్యూజీస్ బృందం 1996లో తెచ్చిన ద స్కోర్ ఆల్బమ్ ఆమె చెవిన పడింది. అందులో లారిన్ హిల్ ఒకే గొంతుతో పాడుతుంది, ర్యాప్ కూడా చెబుతుంది. ఆ పిల్లే ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన రాజకుమారి. ఫాల్ అవుట్ బాయ్ బృందం పాట సెంచురీస్ రాసినవాళ్ళలో ఆమె ఒకరు, ఇగ్గీ అజేలియాకూ రాసింది. 2017లో ముంబై ర్యాపర్ డివైన్‌తో కలిసి సిటీ స్లమ్స్ చేసింది. బొట్టు పెట్టుకుని, నగలు పెట్టుకుని, జతులు పలికినంత చురుగ్గా ర్యాప్ చెబుతుంది. డాన్స్ క్లాసుకు నడిపించినవాళ్ళు ఆ ఆల్బమ్ లాగేసుకుని ఉంటే ఈ రెండూ ఒకే మనిషిలో కలిసేవి కావు. మీ అబ్బాయి నోట్‌బుక్ వెనక పేజీల్లో ప్రాసలు రాసుకుంటుంటే చింపెయ్యకండి. తెలుగు మాటలు రెండు కలపమని అడిగి చూడండి, తెలుగు నేర్పే మనబడి హోంవర్క్ కంటే ఇష్టంగా వెతుకుతాడు.

సొమ్మెవరిదో చెప్పడం కూడా ఈ పాటలతోనే నేర్పవచ్చు. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని, 1987 నుంచి ఆల్బమ్‌లు తెస్తున్న పాతకాపు రకీమ్‌తో కలిసి అడిక్టివ్ అనే పాట చేసింది. అందులో ఆగకుండా వినిపించే గొంతు మన లతా మంగేష్కర్‌ది. 1981 హిందీ సినిమా జ్యోతి పాటకి బప్పీ లాహిరి చేసిన బాణీ అది. అనుమతి లేదు, పేరు లేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. బప్పీ లాహిరి పేరు వెయ్యకుండా ఆ సీడీలు అమ్మకూడదని లాస్ ఏంజెలెస్ కోర్టు ఆపించింది. ఇంటర్నెట్‌లోంచి ఎత్తి స్కూల్ ప్రాజెక్టులో పెట్టేసే పిల్లలకి ఈ కథ చెబితే వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఈ తరం పిల్లలకి నచ్చే పాట కావాలంటే లూథర్ వినండి. కెండ్రిక్ లమార్, గాయని సిజా కలిసి చేసినది. 2024 నవంబర్‌లో వచ్చింది, 2025లో పదమూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. నెమ్మదైన ప్రేమపాట, అరుపులు లేవు. అందులో వెనక వినిపించేది 1982లో లూథర్ వాండ్రాస్, షెరిల్ లిన్ పాడిన పాట. దాన్ని అంతకు ముందు 1967లో మార్విన్ గే, టామీ టెరెల్ పాడారు. మూడు తరాలు ఒకే పాటలో ఉన్నాయి. మీ ఇంట్లో తాతయ్యో నాయనమ్మో విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే వాళ్ళనీ కూర్చోబెట్టండి. 1967 పాట వాళ్ళకి నచ్చుతుందని నా నమ్మకం.

వచ్చే శనివారం మనబడికో సంగీతం క్లాసుకో వెళ్ళేటప్పుడు బ్లూటూత్ పిల్లల ఫోన్‌కి కలపండి. వాళ్ళకిష్టమైన పాట, గాయని ఒకరు, ర్యాపర్ ఒకరు ఉన్నది, పెట్టమనండి. వాల్యూమ్ ముట్టుకోకండి. అయిపోయాక, "ఆ మధ్యలో అతను చెప్పింది నాకు అందలేదురా, కాస్త చెప్పవూ" అని అడగండి. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా మీరు నోరు విప్పకండి.